తిట్లు పూర్తయ్యేదాకా ఉడకాలి

మా మామయ్య పనిలో వంక పెట్టిన మనిషిని నేను ఒక్కణ్ణే చూశాను. కొత్తగా ఇల్లు కట్టుకున్న ఆసామి. కిటికీకి తీసుకెళ్ళిన అద్దం ఒక పక్క వంకరగా తెగిందని కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. మామయ్య అదే కొలతకు ఇంకో ముక్క కోసి పాతదాని మీద పెట్టి చూపించాడు. అంచుకు అంచు కలిసింది. వంకర అద్దంలో లేదు, కిటికీ చట్రంలో ఉంది. ఆసామి నాలుక్కరుచుకుని నవ్వబోయాడు. మామయ్య నవ్వలేదు. రెండు ముక్కలూ లోపల పెట్టేసి, "ఇంకో కొట్టు చూసుకోండి" అన్నాడు.

ఆయన అంతే. చిన్నప్పుడు ఆ అద్దాల కొట్టులో ఊడవడానికి చేరాడు. కోయడం నేర్చుకున్నాడు. చివరికి ఆ కొట్టే సొంతం చేసుకున్నాడు. వేళ్ళ నిండా సన్నటి తెల్లటి గాట్లు, ఏది ఎప్పుడు తెగిందో ఆయనకే గుర్తులేదు. బల్ల మీద పాత కంబళి పరిచి, దాని మీద అద్దాన్ని పసిపిల్లను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి, బద్ద ఆనించి, కట్టరుతో ఒకే ఒక్కసారి గీస్తాడు. కర్రుమని ఒక చప్పుడు. గీసిన గీత మీద మళ్ళీ గీస్తే అద్దం మాట వినదంటాడు. ఆ తర్వాత అంచు పట్టుకుని రెండు బొటనవేళ్ళతో కిందికి నొక్కుతాడు. టప్. తలుపంత అద్దం రొట్టె తుంచినట్టు రెండవుతుంది.

నేను వాళ్ళింట్లో అద్దె కట్టని అద్దెదారుణ్ణి. కొట్టు మీద రెండు గదులు, ఒక వంటిల్లు. ముందు గదిలో ఒక మూల నాది. పగలు గిడ్డంగిలో పార్సిళ్ళ మీద చిరునామాలు అంటిస్తాను, మిగతా సమయం చదువుతాను. కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాను. తూకానికి కొన్న పుస్తకాలే నా చదువు. వాటిలో గొప్పవాళ్ళ జీవిత చరిత్రలు చాలా ఉన్నాయి. ఆ గొప్పవాళ్ళ ఇళ్ళలో కిటికీలు బిగించినవాడి ఊసు ఒక్కదాంట్లోనూ లేదు. ఆ కిటికీల్లోంచే కదా వాళ్ళు లోకాన్ని చూసింది. ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను.

మామయ్య మాటల మనిషి కాదు. కొట్టులో మాటలన్నీ అత్తవే. ఆయన కోస్తే ఆమె అమ్మేది. ఎవరైనా బేరానికి దిగితే, "ఏడిశావులే బాబూ, ఆ ధరకి నీకు అద్దం కాదు, దాని మీద దుమ్ము కూడా రాదు" అనేది. పెద్దవాళ్ళయితే, "ఏడిశారు లెండి." ఆ మాట ఆమె నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఎవరికీ కోపం వచ్చేది కాదు. ఎందుకంటే తిట్టిన వెంటనే గాజు సీసా మూత తీసి ఒక చాక్లెట్ బిస్కెట్ చేతిలో పెట్టేది.

ఆ బిస్కెట్లు ఆమె ఇంట్లోనే చేసేది. మాకు ఓవెన్ లేదు, వాటికి ఓవెన్ అక్కర్లేదు. మందపాటి గిన్నెలో చక్కెర, పాలు, వెన్న, కోకో పొడి వేసి స్టవ్ మీద పెడుతుంది. బాగా తెర్లాక దించి, వేయించిన పల్లీలను నూనె తేలేదాకా మిక్సీలో తిప్పిన ముద్ద, చిటికెడు ఉప్పు, ఓట్స్ వేసి గబగబా కలుపుతుంది. స్పూనుతో తీసి బటర్ పేపర్ మీద ముద్దలుగా వేసి వదిలేస్తుంది. చల్లారేసరికి వాటంతట అవే గట్టిపడతాయి. చెప్పడానికి ఇంతే. కిటుకంతా తెర్లడంలో ఉంది. తొందరపడి దించితే ఆ ముద్ద ఎన్నాళ్ళున్నా గట్టిపడదు, పళ్ళకు అంటుకుని ప్రాణం తీస్తుంది. ఆలస్యం చేస్తే ఇసుకలా రాలిపోతుంది. నడుమ ఉన్న ఆ కాస్త సమయాన్ని అత్త గడియారం చూసి కొలిచేది కాదు. మామయ్యను తిట్టి కొలిచేది.

గరిటె తిప్పినా పొంగు అణగకుండా గిన్నె నిండా బుడగలు లేవగానే అందుకునేది. "షట్టరుకి నూనె పెట్టండీ అంటే రేపంటారు, ఆ రేపు ఏ సంవత్సరంలో ఉందో నాకు తెలీదు. చెవి మీద పెన్సిల్ పెట్టుకుని ఇంటిల్లిపాదితో పెన్సిల్ వెతికిస్తారు. తడి తువ్వాలు తీసుకెళ్ళి నేను పడుకునే పక్కే వేస్తారు, మీ పక్క మాత్రం పొడిగా ఉండాలి. చుట్టాలొస్తే నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నట్టు కూర్చుంటారు, వాళ్ళేమో నేనే మిమ్మల్ని మాట్లాడనివ్వనని ఊరంతా చెప్పుకుంటారు..." పెళ్ళయిన కొత్త రోజుల నుంచి మొదలై ఎక్కడెక్కడో తిరిగి అలా సాగేది. ఎప్పుడూ అదే వరస, అవే మాటలు, అదే వేగం. ఆఖరి తిట్టు కాగానే టక్కున స్టవ్ ఆపేది. పక్కగదిలో మామయ్య పేపరు వెనకాల ఉండేవాడు. ఆయనకు అదొక రేడియో. వింటున్నాడని నేను ఎన్నడూ అనుకోలేదు.

ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ అత్త బ్రష్ వదిలేసింది. మెదడులో నరానికి రక్తం అందలేదన్నారు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి కుడిచెయ్యి బరువెక్కింది, కుడికాలు కాస్త ఈడుస్తోంది. మాట మాత్రం మొత్తం పోయింది. మొత్తం అంటే, ఒక్కటి మిగిలింది. "ఏడిశావ్." మంచినీళ్ళు కావాలన్నా ఏడిశావ్, కిటికీ మూయమన్నా ఏడిశావ్. మనం చెప్పేదంతా ఆమెకు తెలుస్తూనే ఉంది. బదులు చెప్పాలని నోరు తెరుస్తుంది. లోపల ఏ మాట పట్టుకున్నా బయటికి అదే వస్తుంది.

చూడ్డానికి వచ్చేవాళ్ళు వచ్చారు. జబ్బు మనిషి ముందు కూర్చుని సొంత జబ్బులు చెప్పుకునే జాతి. వాళ్ళతో గొడవ లేదు. కానీ ఒకరోజు పక్కవీధి హెడ్మాస్టరు గారు భార్యను తీసుకుని వచ్చారు. రిటైరై చాలా కాలమైంది. ఆయన కొట్టు ముందు నుంచి వెళుతుంటే అత్త కుర్చీలోంచి లేచి నిలబడేది, అంత గౌరవం.

"ఇప్పుడెలా ఉందమ్మా?" అన్నారాయన.

"ఏడిశావ్," అంది అత్త.

ఆయన మంచివాడు. వినపడనట్టు కళ్ళజోడు తుడుచుకున్నారు. భార్యకు అంత నేర్పు లేదు. "అయ్యయ్యో, అంత పెద్దాయన్ని పట్టుకుని..." అంది. అత్త ఎడమచేత్తో నోరు మూసుకుంది. వాళ్ళు వెళ్ళాక కూడా ఆ చెయ్యి తియ్యలేదు. ఆ రోజు నుంచి మా దగ్గర కూడా నోరు విప్పలేదు. ఏం కావాలన్నా వేలితో చూపించడమే.

ఆసుపత్రిలో మాట నేర్పే అమ్మాయి ఒకతె ఉంది. నా ఈడుదే. సంగతి విని మామయ్యను పక్కకు పిలిచింది. "చూడండి బాబాయిగారూ, ఆ ఒక్క మాట ఉంది చూశారా, అదే మనకి తలుపు. దాన్ని పట్టుకునే మిగతావి లాగాలి. ఆవిడే గొళ్ళెం పెట్టేసుకుంటే నేనేం చెయ్యగలను? ఇలా రోజులు గడిస్తే తర్వాత చాలా కష్టం."

"అయితే తిట్టించుకోమంటావా?" అన్నాడు మామయ్య.

"తిట్టించుకోండి. ఏదో ఒకటి, నోరు తెరవాలి."

మెట్లు దిగుతూ మామయ్య నన్నడిగాడు. "ఒరేయ్, మీ అత్తకి ఎప్పుడు నోరాగదు?"

"నువ్వు ఏదైనా తగలేసినప్పుడు."

"ఊఁ," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నమే షట్టరు దించేశాడు. బిస్కెట్ల సామాన్లు తెచ్చి, అత్త కుర్చీని వంటింటి గుమ్మంలో వేసి ఆమెను కూర్చోబెట్టాడు. లుంగీ ఎగగట్టి స్టవ్ ముందు నిలబడ్డాడు. ఆ స్టవ్ మీద అంతకు ముందు ఆయన చేసిన వంట టీ ఒక్కటే, అదీ తాగినవాళ్ళు మర్చిపోలేదు.

"ఫోన్లో చూసి చేద్దాం మామయ్యా," అన్నాను.

"మీ అత్త ఫోన్లో చూసి చేసిందా?"

గిన్నె అంచున మొదటి బుడగ కనపడగానే దించేశాడు. అద్దం గీసినట్టే, ఒక్కసారి, అంతే. పల్లీల ముద్ద కలిపాడు, ఓట్స్ కలిపాడు, పేపరు మీద వేశాడు. వేసినవి వేసినట్టు ఉండక మెల్లగా పాకి ఒకదాన్నొకటి కలుసుకున్నాయి. సాయంత్రానికి పేపరు మీద చాక్లెట్ చెరువు.

"ఇది బిస్కెట్ కాదు, జిగురు. కింద పుట్టీ అయిపోతే అద్దాలు దీంతో అంటించుకోవచ్చు," అన్నాను.

మామయ్య నా వైపు చూడలేదు. అత్త వైపు చూశాడు. ఆమె పెదాలు బిగించి మొహం గోడ వైపు తిప్పేసుకుంది. నవ్వు ఆపుకుంటోందో ఏడుపు ఆపుకుంటోందో తెలియలేదు. నోరు మాత్రం తెరవలేదు.

"కావాలనే చెడగొట్టావా?" అని గుసగుసగా అడిగాను.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "కావాలని చెడగొట్టడం నాకు చేతకాదురా," అన్నాడు.

అది నిజం. ఆయన నిజంగానే బాగా చేద్దామనుకున్నాడు. నాకు ఆయన మీద గౌరవం మొదలైంది అక్కడే. తిట్లు తినడానికి నటించేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. పనిలో తప్పు ఒప్పుకోని మనిషి, తనకు రాని పనిని ఆ పనిలో ఆరితేరిన మనిషి కళ్ళ ముందు చేసి చూపించడం వేరు.

రెండోసారికి బటర్ పేపర్ అయిపోయింది. గిన్నె దించాక చూసుకున్నాడు. ముద్ద గరిటెకు బిగుసుకుంటోంది, పళ్ళేలేమో చిన్నవి. ఒక్క పరుగున కిందికెళ్ళి ఫొటో ఫ్రేములకు వాడే పల్చటి అద్దం ఒకటి పట్టుకొచ్చి, తుడిచి, వెన్న రాశాడు. "అద్దం కన్నా నున్నటిదేముందిరా," అని నాకు చెప్పి మరీ మొదలుపెట్టాడు. వేడివేడి ముద్ద ఒకటి, దాని పక్కన ఇంకోటి, మూడోది వేయబోతుండగా టంగ్‌మంది. అద్దం ఈ మూల నుంచి ఆ మూలకు చీలిపోయింది. ఒక ముక్క జారి నేల మీద పడి పగిలింది.

అద్దాల మధ్యే తల నెరిసిన మనిషి చేతిలో స్పూనుతో అలా నిలబడిపోయాడు.

"ఏడిశావ్!"

గుమ్మంలోంచి వచ్చింది. బెదిరిపోయి వచ్చిన కేక అది. వెంటనే ఇంకోటి, "ఏడిశావ్," ఈసారి వెక్కిరింపు. ఆ తర్వాత నవ్వు. ఎడమచేత్తో కుర్చీ చేతిని బాదుతూ, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వి, ఊపిరి తీసుకుని మెత్తగా మూడోసారి, "ఏడిశావ్."

మామయ్య ముందు ఆమె కాళ్ళు పైకెత్తించి చెప్పులు తొడిగాడు. పెంకులు ఏరాడు. పేపరు తడిపి నేలంతా అద్దాడు, కంటికి కనపడని రజను కూడా దానికి అంటుకుని వచ్చేలా. అద్దం మీదున్నదీ గిన్నెలో మిగిలిందీ అంతా మూటగట్టి పారేశాడు. తర్వాత నేల మీదే కూర్చుని, "అద్దం మీద వేడిది పెట్టకండని కొట్టుకొచ్చిన ప్రతివాడికీ నేనే చెప్తాను," అన్నాడు.

"ఏడిశావ్," అంది అత్త.

"అవును," అన్నాడు మామయ్య. తన తప్పుకు ఆయన అవును అనడం నేను పుట్టాక వినలేదు.

ఆ రోజు నుంచి ఇంట్లో అత్త నోరు మళ్ళీ తెరుచుకుంది. కానీ మాట అదొక్కటే. బిస్కెట్లు కూడా దారికి రాలేదు. ఓసారి జిగురు, ఓసారి ఇసుక. తినలేక నేను గిడ్డంగికి పట్టుకెళ్ళేవాణ్ణి. అక్కడివాళ్ళు కూడా దండం పెట్టేశారు.

ఒక సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి మామయ్య మొహం వెలిగిపోతోంది. "అల్లుడూ, కొలత దొరికింది."

"ఏం కొలత?"

"మీ అత్త కొలత."

గిన్నె నిండా బుడగలు లేచాయి. మామయ్య గొంతు సవరించుకుని, బడిలో పిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు నిటారుగా నిలబడి మొదలుపెట్టాడు. "షట్టరుకి నూనె పెట్టండీ అంటే రేపంటారు, ఆ రేపు ఏ సంవత్సరంలో ఉందో నాకు తెలీదు. చెవి మీద పెన్సిల్ పెట్టుకుని..."

వంటింటి కిటికీ వీధి మీదికే తెరిచి ఉంది. కింద సైకిల్ ఆపిన శబ్దం వినిపించింది. ఎవరో "ఏంటి, ఈయన్ని ఈయనే తిట్టుకుంటున్నాడు?" అన్నారు. మామయ్య ఆగలేదు. ఒక్క మాట పొల్లు పోలేదు. అత్త ఎక్కడ ఊపిరి తీసుకునేదో అక్కడే తీసుకుంటున్నాడు, ఎక్కడ గరిటె గిన్నెకు కొట్టేదో అక్కడే కొడుతున్నాడు. ఇన్నేళ్ళు పేపరు వెనకాల కూర్చుని ఈ మనిషి ప్రతి అక్షరం విన్నాడు. చాలా ప్రేమకథలు చదివి విసుక్కున్నవాణ్ణి నేను. ఆ రోజు విసుక్కోవడానికి ఏమీ దొరకలేదు.

అత్త ముందుకు వంగింది. ఆయన మాటల వెంట ఆమె పెదాలు కదులుతున్నాయి. చుట్టాలు, బెల్లం గడ్డ అయిపోయాయి. అక్కడ మామయ్య ఒకటి మింగేసి తర్వాతిదానిలోకి దూకేశాడు. అది అత్త తమ్ముడి పెళ్ళి సంగతి. బట్టలు మార్చుకునే తీరిక లేదని కొట్టు నుంచి నేరుగా పుట్టీ మరకలతో పెళ్ళికి వెళ్ళాడట. ఫొటోల్లో ఇప్పటికీ పెళ్ళికొడుకు పక్కన రంగులేసే కూలీలా ఉంటాడు. తిట్లన్నిట్లోకీ ఆయనకు నచ్చనిది అదొక్కటే.

"ఏడిశావ్," అంది అత్త.

"ఏంటే? అన్నీ చెప్తున్నాగా."

"ఏడిశావ్!"

"ఏం వదిలేశాను?"

అత్త మొహం ఎర్రబడింది. ఎడమచెయ్యి చాచి ఆయన కాలరు పట్టుకుని గుంజింది. నోరు ఒక ఆకారానికి వచ్చింది, ఆగిపోయింది, మళ్ళీ వచ్చింది. మెడ నరాలు తేలాయి.

"చొ... చొక్కా!"

మామయ్య గరిటె తిప్పడం ఆపేశాడు. "ఏమన్నావ్?"

"చొక్కా," అంది. తన నోట్లోంచి వచ్చినదాన్ని తనే చూసుకుంటున్నట్టు ఇంకోసారి, "చొక్కా. ఏడిశావ్. చొక్కా!"

స్టవ్ ఆపింది నేనే. అప్పటికే గిన్నెలోంచి మాడు వాసన. మామయ్య ఆమె కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. "చొక్కానే తల్లీ. పుట్టీ మరకల చొక్కా. తప్పు నాదే. మీ తమ్ముడికి రేపే ఫోన్ చేసి చెప్తాను," అంటూ భుజానికి కళ్ళు తుడుచుకున్నాడు. మాడినదాంట్లోనే ఓట్స్ కలిపితే ఇసుకే అయింది. ఆ రాలిపోయే పొడిని పాలల్లో వేసుకుని ముగ్గురం తిన్నాం.

మాట నేర్పే అమ్మాయి సంతోషించింది కానీ పొంగిపోలేదు. "కంఠతా ఉన్న మాట తన్నుకుని రావడం వేరు బాబాయిగారూ. ఇవాళ చూసినదానికి ఇవాళ మాట పుట్టడం వేరు. అది రావాలి." నాకూ అదే అనిపించింది. ఇంటికొస్తూ, "పాత పాటే కదా మామయ్యా," అన్నాను. మామయ్య నా వైపు చూసిన చూపుకి మిగతాది మింగేశాను.

ఆయన మాత్రం ఆపలేదు. వారంలో రెండు మూడుసార్లు గిన్నె పెట్టడం, తనను తాను తిట్టుకోవడం, నడుమ నడుమ ఖాళీలు వదలడం. "షట్టరుకి నూనె పెట్టండీ అంటే..." అని ఆగితే, ఒక్కోసారి "రేపు" అనేది. ఒక్కోసారి ఎంత తన్నుకున్నా వచ్చేది కాదు. అప్పుడు ఆయనే అందించేవాడు. విసుగులేదు, తొందరలేదు. వీధిలో వెటకారాలు మొదలయ్యాయి. కొట్టుకొచ్చినవాళ్ళు, "మాస్టారూ, ఇవాళ తిట్లున్నాయా?" అని అడిగేవాళ్ళు. వంకర అద్దం అన్నందుకు గిరాకీనే వదులుకున్న మనిషి, "సాయంత్రం ఉన్నాయి," అని నింపాదిగా చెప్పి పని చేసుకునేవాడు. ఆ ఖాళీలు పోను లెక్క చేతికొచ్చాక బిస్కెట్లు కూడా కుదిరాయి. పైన మెరుపు పోయి, విరిస్తే లోపల మెత్తగా, అచ్చం అత్త చేసినట్టే. గాజు సీసా మళ్ళీ నిండింది.

ఒక ఆదివారం గిన్నె తెర్లుతోంది. మామయ్య పెన్సిల్ దాటి తువ్వాలు దగ్గరికొచ్చి ఖాళీ వదిలాడు. అత్త ఆ ఖాళీ పట్టించుకోలేదు. ఆయన మొహం వైపే చూస్తోంది.

"తడి...?" అని మళ్ళీ అందించాడు మామయ్య.

అత్త చెయ్యెత్తి ఆయన చెంప తడిమింది. మొహం చిట్లించింది.

"గ... గడ్డం."

"గడ్డమా? తిట్లలో గడ్డం లేదే," అన్నాడు మామయ్య అయోమయంగా. అని, నా వైపు చూశాడు. నేనూ ఆయన వైపు చూశాను.

నిజమే, లేదు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన పొద్దున్నే గడ్డం గీసుకోకుండా కొట్టు తెరిచిన రోజు లేదు. ఆ తిట్టు అవసరమే పడలేదు. ఈ మధ్యే, ఆమె జబ్బుపడ్డాకే, దాన్ని గాలికొదిలేశాడు.

"గడ్డం," అంది అత్త మళ్ళీ, బాత్రూము వైపు వేలు చూపిస్తూ. "ఏడిశావ్. గడ్డం!"

"దించేయరా," అని గరిటె నా చేతిలో పెట్టి మామయ్య పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు. లోపల కుళాయి తిప్పిన చప్పుడు, ముక్కు చీదిన చప్పుడు, మళ్ళీ కుళాయి. అత్త ఆ తలుపు వైపే చూస్తూ పెదాలతో ఇంకేదో కూర్చుకుంటోంది. నేను ఆమెనే చూస్తూ ఉండిపోయాను. దించాను, ముద్ద కలిపాను, ఓట్స్ పోశాను. స్పూనుతో తీసి వేయడం మాత్రం మర్చిపోయాను.

మామయ్య నున్నటి మొహంతో, చెవి కింద సబ్బు నురగతో వచ్చేసరికి గిన్నెలోది గిన్నెలోనే రాయి అయిపోయింది. కొట్టులోంచి పుట్టీ గీకే బద్ద కొత్తది తెచ్చి, కడిగి, గిన్నె అంచు నుంచి ఒక్కో పెచ్చూ లేపి ముందు అత్త చేతిలో పెట్టాడు.

ఆమె కొరికింది. నములుతూ ఆగింది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఉప్పు," అంది.

నేను వేయలేదు.